ఆరిన పండు వేరు, ఎండిన పండు వేరు: ఇంట్లో పండ్లు ఎండబెట్టాలనుకునేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కొని తెచ్చే ఎండు పండ్లలో చక్కెర, నూనె ఎక్కువగా ఉంటున్నాయని పిల్లల చిరుతిండి కోసం మీరే ఇంట్లో ఎండబెట్టారు. ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర మూడున్నర గంటలు ఉంచారు. అరటి ముక్కలు నల్లబడ్డాయి. ఆపిల్ ముక్కలు గట్టిగా, చక్కగా కనిపించాయి, కిలో ముక్కలకు 290 గ్రాములు వచ్చాయి. కానీ డబ్బాలో పెట్టిన ఐదో రోజుకే బూజు పట్టింది. డీహైడ్రేటర్ (పండ్లు ఎండబెట్టే కరెంటు పరికరం) కొంటేనే కుదురుతుందా, బూజు లేని ముక్కలు ఏరుకుని తినొచ్చా, అసలు ఇవి ఆరోగ్యానికి మంచివేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. డీహైడ్రేటర్ లేకపోయినా కుదురుతుంది. మీ ముక్కలు పాడైంది ఓవెన్ వాడినందుకు కాదు. వేడి ఎక్కువైంది, సమయం చాలలేదు. 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి, కదిలే గాలి, చాలా పండ్లకు డీహైడ్రేటర్‌లో 6 నుంచి 12 గంటల, ఓవెన్‌లో దాదాపు అంతకు రెట్టింపు ఓపిక, దింపాక సీసాలో వారం రోజుల పరిశీలన. ఇవి ఉంటే ఆపిల్ ముక్కలు నెలల తరబడి నిలవ ఉంటాయి. బూజు పట్టిన డబ్బాలోవి మాత్రం ఒక్కటి కూడా ఉంచకండి, అన్నీ పారేయండి. బూజు తీగలు కంటికి కనిపించే మచ్చ కంటే చాలా దూరం పాకి ఉంటాయి, కొన్ని రకాల బూజులు విషపదార్థాలు కూడా వదులుతాయి. ఇక ఆరోగ్యం మాటకొస్తే, మంచివే. కాకపోతే కొలత పెట్టుకుని తినాలి. ఎందుకో తర్వాత వివరంగా చెబుతాను.

పన్నెండేళ్లుగా ఇంట్లో పండ్లు ఎండబెడుతున్నాను. మొదటి ఏడాది మీరు చేసిన పొరపాట్లే నేనూ చేశాను. అందుకే మీ ముక్కలకు ఏం జరిగిందో చదవగానే అర్థమైంది.

మన భాషలో రెండు మాటలున్నాయి: ఆరడం, ఎండడం. బట్టలు ఆరేస్తాం, గింజలు ఎండబోస్తాం. తడి పైపైన ఉంటే ఆరుతుంది, లోపల ఉంటే ఎండాలి. మీ ఆపిల్ ముక్కలు ఆరాయి, ఎండలేదు. 90 డిగ్రీల వేడికి ముక్క పైభాగంలోని నీరు గబగబా ఆవిరైపోయి, అక్కడ గట్టి పొర కట్టింది. లోపలి నీరు నెమ్మదిగా పైకి రావాలి గదా, అది వచ్చేసరికి దారి మూసుకుపోయింది. చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది కాబట్టి అయిపోయిందనుకుంటాం. డబ్బాలో పెట్టి మూత బిగించాక లోపలి చెమ్మ మెల్లగా పైకి చేరి, రెండు మూడు రోజుల్లో ముక్క మెత్తబడుతుంది. ఇక బూజుకు కావలసినవన్నీ అమరినట్టే.

మీరు చెప్పిన బరువే దీనికి సాక్ష్యం. ఆపిల్‌లో సుమారు 86 శాతం నీరే. అంటే కిలో ముక్కల్లో నీరు కాకుండా ఉండేది 140 గ్రాములు. మీకు 290 గ్రాములు వచ్చిందంటే అందులో ఇంకా 150 గ్రాముల నీరు మిగిలి ఉన్నట్టు. సగానికి పైగా నీరే! నిలవ ఉండాల్సిన ఎండు పండులో నీరు 20 శాతం దగ్గరికి దిగాలి. ఆ లెక్కన మీ కిలో ముక్కలు 175 గ్రాములకు రావాలి.

ఈ లెక్క వంట కాటా ఉన్న ఎవరైనా వేసుకోవచ్చు. తొక్క, గింజలు తీసి తరిగిన ముక్కల బరువు చూడండి. అందులో నీటి వంతు తీసేయండి. మిగిలినదాన్ని 0.8తో భాగించండి. దించాల్సిన బరువు అదే. అరటిపండులో నీరు సుమారు 75 శాతం, కాబట్టి కిలో ముక్కలు 310 గ్రాముల దగ్గరికి వస్తాయి. మామిడిలో 83 శాతం, అది 210 దగ్గరికి వస్తుంది. పండు రకాన్ని బట్టి, మాగిన తీరును బట్టి పది ఇరవై గ్రాములు అటూ ఇటూ అవుతుంది. అయినా కంటి అంచనా కంటే ఇది ఎన్నో రెట్లు నమ్మకమైనది. నా దగ్గర ఒక నోటుబుక్ ఉంది. ప్రతిసారీ పండు పేరు, తరిగాక బరువు, దింపాక బరువు, పట్టిన గంటలు రాసుకుంటాను. మొదటి రెండేళ్లు ఏమీ రాయలేదు, అందుకే ఒకసారి బాగా వస్తే ఇంకోసారి ఎందుకు రాలేదో తెలిసేది కాదు.

20 శాతం నీరుంటే బూజు రాదా అని మీకు అనుమానం రావచ్చు. పండులో చక్కెర ఉంటుంది కాబట్టి రాదు. మిగిలిన ఆ కాస్త నీటిని చక్కెర పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు అందనివ్వదు. కూరగాయల్లో అంత చక్కెర ఉండదు, వాటిని 10 శాతం దాకా, పెళుసుగా విరిగేంతవరకు ఎండబెట్టాలి. పండు మాత్రం తోలులా వంగుతూ ఉన్నా నిలవ ఉంటుంది. కాబట్టి పండు ముక్క కరకరలాడే దాకా ఆగనక్కర్లేదు.

ఓవెన్‌లో చేయాలంటే. మీ ఓవెన్ ఎంత తక్కువకు దిగుతుందో ముందు చూసుకోండి. 60, 65 డిగ్రీల దగ్గర నిలబడగలిగితే బంగారం. మీట మీద ఉన్న అంకెను నమ్మకండి, ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి ట్రే పక్కన ఉంచండి. మీట 60 దగ్గరే ఉన్నా లోపల 78 చూపించిన ఓవెన్ నేను వాడాను. తలుపు పూర్తిగా మూయకుండా ఓ చెక్క గరిటె అడ్డం పెట్టి నాలుగైదు అంగుళాలు తెరిచి ఉంచండి. ముక్కల్లోంచి వచ్చిన ఆవిరి బయటికి పోవాలి. ఆవిరి లోపలే ఉంటే పండు ఎండదు, ఉడుకుతుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే ఫ్యాన్ వేయండి. లేకపోతే తలుపు దగ్గర, బయటివైపు చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టి గాలి అడ్డంగా వీచేలా చూడండి. ఇంట్లో చిన్న పిల్లలున్నారన్నారు గదా, తలుపు తెరిచి ఉన్నంతసేపు వంటగదిలో పెద్దవాళ్లెవరో ఒకరు ఉండాల్సిందే. ఆ వీలు లేనప్పుడు ఈ పద్ధతి జోలికి పోవద్దు.

ముక్కలు మామూలు బేకింగ్ ట్రే మీద కాకుండా జాలీ మీద పరచండి, కిందనుంచి కూడా గాలి తగలాలి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడంత కాకపోయినా కాస్త సందు ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. రెండు గంటలకోసారి ట్రేలు పైవి కిందకు, ముందువి వెనక్కు మార్చండి. సగం దారిలో ముక్కలు తిరగేయండి. ఓవెన్‌లో డీహైడ్రేటర్ కంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది, కరెంటో గ్యాసో కూడా ఆ మేరకు ఖర్చవుతుంది. నెలకోసారి చేసేవారికి ఓవెన్ చాలు. వారం వారం చేయాలనుకుంటేనూ, మీ ఓవెన్ 75కు తక్కువ దిగనంటేనూ డీహైడ్రేటర్ కొనడమే మేలు.

కొనేటప్పుడు రెండే చూడండి: లోపల ఫ్యాన్ ఉందా, వేడి మార్చుకునే థర్మోస్టాట్ ఉందా. ఫ్యాన్ లేకుండా కింద హీటర్ మాత్రమే ఉన్నవి చవగ్గా వస్తాయి, కానీ కింది ట్రే మాడిపోతుంటే పై ట్రే తడిగానే ఉంటుంది. ఫ్యాన్ వెనకవైపు ఉన్న పెట్టెలాంటివాటిలో గాలి అన్ని ట్రేలకూ సమానంగా అందుతుంది. ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చే గుండ్రటివి కూడా బాగానే పనిచేస్తాయి, మధ్య మధ్య ట్రేలు మార్చుకోవాలంతే.

ఎయిర్ ఫ్రయ్యర్ గురించి కూడా చాలామంది అడుగుతారు. అందులో 55, 60 డిగ్రీలకు దిగే డీహైడ్రేట్ మోడ్ ఉంటే పనికొస్తుంది, కాకపోతే ఒక్కసారికి ఒకటి రెండు పండ్ల ముక్కలే పడతాయి. 80కి తక్కువ రాని రకమైతే మీ ఆపిల్ కథే మళ్లీ జరుగుతుంది. మైక్రోవేవ్ పండ్లకు వద్దు. ఒకచోట ఉడికి, ఇంకోచోట మాడుతుంది.

ఎండలో పెట్టడం అన్నిటికంటే పాత పద్ధతి. నాకూ ఇష్టమే. దానికీ షరతులున్నాయి. పగటి వేడి కనీసం 30 డిగ్రీలు ఉండాలి, గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలి, అదీ వరసగా మూడు నాలుగు రోజులు. వేడి ఉండి తేమ కూడా ఉంటే ఎండబెట్టలేం, రాత్రిళ్లు పండు మళ్లీ చెమ్మ పీలుస్తుంది. ఒకసారి అత్తి పండ్లు రెండు రోజులు బాగా ఎండాక మూడో రోజు మబ్బు పట్టింది. రేపు ఎండ వస్తుందిలే అని అలాగే ఉంచాను. నాలుగో రోజు దగ్గరికి వెళ్తే పులిసిన వాసన. మూడు కిలోలు పారబోశాను. అప్పటి నుంచి మబ్బు కనిపిస్తే చాలు, మిగతా పని ఓవెన్‌లో పూర్తి చేస్తున్నాను. సాయంత్రం కాగానే లోపలికి తెచ్చుకోవాలి, పైన పలచటి గుడ్డ కప్పాలి, జాలీని నేలకు ఎత్తుగా పెట్టాలి. జాలీ స్టీలుదో, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. జింకు పూత వేసిన ఇనుప జాలీ, రాగి, అల్యూమినియం వద్దు. పండులోని పులుపు వాటిని తింటుంది.

ఎండలో పెట్టినవాటికి ఇంకో పని తప్పనిసరి. ఎంత గుడ్డ కప్పినా పురుగులు గుడ్లు పెట్టి ఉండవచ్చు. ఎండిన ముక్కల్ని గాలి చొరని సంచిలో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం 48 గంటలు ఉంచండి. ఫ్రీజర్ లేకపోతే పలచగా పరిచి ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేయండి. ఓవెన్‌లోనో డీహైడ్రేటర్‌లోనో మొదటి నుంచి ఎండినవాటికి ఇది అక్కర్లేదు.

ఇప్పుడు మీ అరటి ముక్కల నలుపు సంగతి. అందులో రెండు కారణాలు కలిశాయి. పండు తరగగానే కణాలు తెగి, లోపలి ఎంజైమ్‌కు గాలి తగిలి రంగు మారుతుంది. కోసిన ఆపిల్ గోధుమరంగుకు తిరిగేది అందుకే. దాని మీద 90 డిగ్రీల వేడి పడేసరికి పండులోని చక్కెర కూడా ముదురు రంగుకు మారింది. వేడి తగ్గిస్తే రెండోది పోతుంది. మొదటిదానికి నిమ్మరసం చాలు. నిమ్మరసం, నీళ్లు సమపాళ్లలో కలిపి, ముక్కలు తరిగినవి తరిగినట్టు అందులో వేసి, పది నిమిషాలకు తీసి, గుడ్డ మీద తడి అద్దండి. పది నిమిషాలు దాటితే పులుపు ఎక్కుతుంది. ఆ పులుపు వద్దనుకుంటే సీ విటమిన్ వాడండి. రంగు, రుచి కలపని 500 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు పొడి చేసి, అర లీటరు నీళ్లలో కలిపి, అందులో ముక్కల్ని మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచితే చాలు. నేను ఆపిల్‌కు, పియర్‌కు దీన్నే వాడతాను. ఏం చేసినా అరటి తెల్లగా ఉండదు. తేనెరంగు వచ్చిందంటే బాగా వచ్చినట్టే.

కొన్న ఎండు పండ్లు మెరిసే పసుపు, నారింజ రంగుల్లో ఉండడం చూసి ఇంట్లో ఆ రంగు రాలేదని బాధపడకండి. ఆ రంగు సల్ఫైట్ల వల్ల, అంటే రంగు మారకుండా కలిపే గంధకపు పదార్థాల వల్ల నిలుస్తుంది. చాలామందికి వాటితో ఇబ్బంది లేదు, కానీ ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఊపిరి ఆడకుండా చేస్తాయి. మా ఇంట్లో ఉబ్బసం ఉన్న మనిషి ఉండబట్టే నేను ఈ పని మొదలుపెట్టాను. పొట్లం వెనక సల్ఫైట్ అన్న మాటో, 220 నుంచి 228 లోపు నంబరో ఉంటే అదే. ఇంట్లో చేసేదానికి ఆ అవసరం లేనే లేదు.

తరగడం దగ్గర నేను చాలా పట్టింపుగా ఉంటాను. ముక్కలన్నీ ఒకే మందం ఉండాలి, 5 మిల్లీమీటర్లో 6 మిల్లీమీటర్లో. ఒకటి 3, ఇంకోటి 9 ఉంటే పలచది పెళుసైపోయే సమయానికి మందపాటిది లోపల పచ్చిగానే ఉంటుంది. డబ్బాలో ఆ ఒక్క ముక్క చెమ్మే మిగతా అన్నిటికీ అంటుకుంటుంది. కత్తితో కుదరకపోతే స్లైసర్ కొనండి. డీహైడ్రేటర్ కంటే ముందు కొనాల్సింది అదీ, వంట కాటానూ.

పండు మాగి ఉండాలి, మెత్తబడి ఉండకూడదు. పచ్చిది ఎండితే చప్పగానో వగరుగానో మిగులుతుంది. బాగా ముగ్గిపోయినది ట్రేకు అతుక్కుని నల్లబడుతుంది. మరీ పండిపోయినవి ఉంటే గుజ్జు తీసి, బేకింగ్ కాగితం మీద 3, 4 మిల్లీమీటర్ల మందాన పరిచి తాండ్ర వేసుకోండి. అంచులు త్వరగా ఎండుతాయి కాబట్టి అంచుల వైపు కాస్త మందంగా పరచండి. 60 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యలో వేలితో నొక్కితే గుంట పడకపోతే దించేయండి.

ఒక్కో పండు సంగతి కొంచెం చెబుతాను. ఆపిల్ కొత్తగా మొదలుపెట్టేవారికి అన్నిటికంటే నయం, డీహైడ్రేటర్‌లో 6 నుంచి 12 గంటలు పడుతుంది. అరటి 8 నుంచి 12. కొన్న అరటి చిప్స్‌లా కరకరలాడాలని ఆశించకండి, అవి ఎక్కువగా నూనెలో వేయించినవి. ఎండిన అరటి సాగుతుంది, నమిలేకొద్దీ తీపి తేలుతుంది. మామిడికి పీచు తక్కువున్న రకం తీసుకోండి. అనాసలో నీరు, పీచు రెండూ ఎక్కువ, ఒక్కోసారి 24 గంటలు దాటుతుంది. తొందరపడకండి. స్ట్రాబెర్రీ త్వరగా ఎండుతుంది, కానీ కిలో పెడితే గుప్పెడు మిగులుతుంది.

ద్రాక్ష మాత్రం నాకు పాఠం నేర్పింది. కడిగి యథాతథంగా ట్రేలో పోసి రెండు పగళ్లు, రెండు రాత్రులు నడిపినా లోపల రసం అలాగే ఉంది. ద్రాక్ష తొక్క మీద సన్నటి మైనపు పొర ఉంటుంది. నీటిని బయటికి పోనివ్వకుండా పండును కాపాడేది అదే. దాన్ని చీల్చకపోతే మన పని సాగదు. మరిగే నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ముంచి వెంటనే చల్లటి నీళ్లలో వేయండి, తొక్క మీద సన్నటి చీలికలు వస్తాయి. లేదంటే అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపు పైకి ఉండేలా పెట్టండి. బ్లూబెర్రీ, చెర్రీలకూ ఇదే వర్తిస్తుంది. అవకాడో జోలికి పోకండి, అందులో కొవ్వు ఎక్కువ, ఎండబెట్టి నిలవ పెడితే కనరు వాసన వస్తుంది.

అయిందో లేదో తెలుసుకోవడం ఎలా? వేడిగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతారు, వేడి ముక్క ఎప్పుడూ ఉన్నదానికంటే మెత్తగా తోస్తుంది. రెండు మూడు ముక్కలు బయటికి తీసి పది నిమిషాలు చల్లారనివ్వండి. మధ్యకు చీల్చి నొక్కండి. చీలిన చోట తడి మెరుపు కనిపించకూడదు, చుక్క ఊరకూడదు. మడిస్తే విరగకుండా వంగాలి, మడత రెండు వైపులా ఒకదానికొకటి అతుక్కోకూడదు. అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కతో పరీక్షించండి, పలచటిది ఎప్పుడూ అయిపోయాననే అంటుంది. ఆ తర్వాత కాటా మీద పెట్టి పైన చెప్పిన లెక్కతో సరిచూసుకోండి. అనుమానంగా ఉంటే ఇంకో గంట ఉంచండి. ఎక్కువ ఎండిన ముక్క కొంచెం గట్టిగా ఉంటుంది, అంతే నష్టం. తక్కువ ఎండినది డబ్బా మొత్తాన్ని పాడు చేస్తుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు. ఎంత జాగ్రత్తగా చేసినా ముక్కలన్నీ ఒకేలా ఎండవు. చల్లారిన ముక్కల్ని గాజు సీసాలో మూడింట రెండొంతులు నింపి, మూత పెట్టి, వారం నుంచి పది రోజులు రోజూ ఒకసారి కుదపండి. తడి ఎక్కువున్న ముక్క నుంచి తక్కువున్నదానికి చెమ్మ సర్దుకుంటుంది. ఈ రోజుల్లో సీసా గోడ మీద లోపలివైపు ఆవిరి చుక్కలు కనిపించినా, కుదిపినప్పుడు ముక్కలు ముద్దగా అతుక్కుని కదిలినా, వెంటనే తీసి మళ్లీ ఓవెన్‌లో పెట్టేయండి. బూజు ఇంకా రాలేదు కాబట్టి అవి పాడైనట్టు కాదు. పోయినసారి పియర్ ముక్కలకు మూడో రోజు సీసా భుజం దగ్గర సన్నటి మంచులాంటి పొర కనిపించింది. మళ్లీ రెండున్నర గంటలు ఎండబెట్టాను, ఐదు నెలలు నిక్షేపంగా ఉన్నాయి. మీరు గాజు సీసాకు బదులు లోపల ఏం జరుగుతోందో కనిపించని డబ్బా వాడారు. లేకపోతే రెండో రోజే తెలిసేది.

నిలవకు చల్లటి, చీకటి చోటు కావాలి. గది వేడి 15 డిగ్రీల దగ్గర ఉంటే చాలా ఎండు పండ్లు ఏడాది ఉంటాయి, 27 దగ్గర ఉంటే ఆరు నెలలు. ఒకే పెద్ద డబ్బా కంటే వారానికి సరిపడా చిన్న సీసాలు నాలుగు మేలు. పెద్దది తెరిచిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి పోతుంది. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, తీస్తే చల్లటి ముక్కల మీద చెమ్మ పడుతుంది.

ఇక ఆరోగ్యం సంగతి. పండు ముడుచుకుంటుంది గానీ అందులోని చక్కెర ఎక్కడికీ పోదు. వంద గ్రాముల తాజా ఆపిల్‌లో చక్కెర పది గ్రాముల దగ్గర ఉంటే, వంద గ్రాముల ఎండు ఆపిల్‌లో యాభై దాటుతుంది. ద్రాక్షలో పదిహేను, ఎండుద్రాక్షలో అరవై. పీచు, పొటాషియం వంటివి నిలుస్తాయి. సీ విటమిన్ మాత్రం వేడికీ గాలికీ చాలావరకు పోతుంది. కాబట్టి తాజా పండుకు ఇది పూర్తి బదులు కాదు. బిస్కెట్లు, చాక్లెట్ల బదులు అనుకుంటే మాత్రం మంచి మార్పు.

కొలత సులువు. మనిషికి ఒకసారికి 30 గ్రాములు. పైన చేసిన లెక్కే తిప్పి చూస్తే, 30 గ్రాముల ఎండు ఆపిల్ అంటే 170 గ్రాముల తాజా ముక్కలు, అంటే ఒక మామూలు సైజు ఆపిల్. 30 గ్రాముల ఎండు అరటి అంటే సుమారు ఒక అరటిపండు. ఎన్ని తాజా పండ్లు ఒక్కసారిగా తినగలరో అన్నిటి ముక్కలే పిల్లల చేతికి ఇవ్వండి. కూర్చున్నచోట నాలుగు ఆపిల్స్ ఎవరూ తినరు, నాలుగు ఆపిల్స్ ముక్కలు మాత్రం కబుర్లలో పడి తినేస్తారు. నేను ఎండిన రోజే 30 గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కట్టేస్తాను.

ఎండు పండు పళ్ల సందుల్లో అతుక్కుని చాలాసేపు ఉంటుంది. అందుకని అస్తమానం నములుతూ ఉండేలా కాకుండా భోజనంతో పాటో, భోజనం చివరో ఇవ్వండి, వెంటనే నీళ్లు తాగించండి. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి ముక్కలు, గుండ్రటి ఎండుద్రాక్ష గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. సన్నగా తరిగి, నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక, పక్కనే కూర్చుని తినిపించండి. తాండ్రలో తేనె కలిపే అలవాటుంటే ఏడాది నిండని బిడ్డకు అది పెట్టకూడదు. మధుమేహం ఉన్నవారు ఇంట్లో ఉంటే ఎన్ని గ్రాములు తినొచ్చో వాళ్ల వైద్యుణ్ణి అడిగి తూచి ఇవ్వండి. చక్కెర కలపలేదన్న మాట చూసుకుని ధైర్యంగా తినేస్తే లాభం లేదు.

మీరు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అరటి, ఆపిల్ కలిపి పెట్టకండి, సమయాలు కలవవు. మూడు ఆపిల్స్ చాలు. డబ్బాను వేడినీళ్లతో, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టి పక్కన పెట్టండి, ఈసారికి గాజు సీసానే వాడండి. తరిగాక బరువు, దింపాక బరువు, థర్మామీటర్ చూపిన వేడి, పట్టిన గంటలు రాసి ఇక్కడే పెట్టండి. ముక్క ఫొటో కంటే ఆ నాలుగు అంకెలు చూస్తేనే ఎక్కడ తేడా వచ్చిందో నేను చెప్పగలను.